మావయ్య టీవీలో మా ప్రధానం ఫొటో

మా మావయ్య స్టూడియో టీవీలో నేను నాలుగు నెలలు కదలకుండా నవ్వుతూ నిలబడ్డాను. పక్కన బావ. బావ చెయ్యి నా భుజం మీద. ఆ చెయ్యి అలా వెయ్యమన్నది మావయ్యే, నన్ను ఇంకొంచెం నవ్వమన్నది మావయ్యే, ఫొటో తీసిందీ మావయ్యే. బావ మావయ్య కొడుకు. నేను మావయ్య చెల్లెలి కూతుర్ని. మేమిద్దరం మొగుడూ పెళ్ళాలం అవుతామని ఎవరు, ఎప్పుడు అన్నారో నాకు తెలీదు. నాకు ఊహ తెలిసేసరికే ఆ మాట ఇంట్లో ఉంది.

స్టూడియో శృంగవరపుకోటలో, బస్సులు ఆగే చోటికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. మా ప్రధానం అయిన వారానికి మావయ్య ఒక పెద్ద టీవీ కొని, అద్దం వెనక రోడ్డు వైపు తిప్పి పెట్టాడు. పొద్దుటి ఎండ నేరుగా అద్దం మీద పడుతుంది, బొమ్మ కనపడదు. అందుకని వెలుతురు చివరికంటా పెంచేశాడు. ఎవరైనా వస్తే వాళ్ళ ఫొటోలు వేసి చూపించేవాడు. వాళ్ళు లేచి వెళ్ళిన రెండు నిమిషాలకి మళ్ళీ మేమిద్దరం ప్రత్యక్షం. దాన్ని స్క్రీన్ సేవర్ అంటారని, తెర పాడవకుండా కాపాడుతుందని మావయ్య వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు.

అలా ఒకే బొమ్మ ఉంచితే తెర పాడవుతుందని బావ మొదట్లోనే చెప్పాడు. పది ఫొటోలు మారుతూ వచ్చేలా పెడతానన్నాడు.

"తియ్యకురా," అన్నాడు మావయ్య. "ప్రధానం అయిన జంట ఫొటో పీటల మీద కూకున్నదాకా దించకూడదు. అరిష్టం."

అది మా తాతగారి నాటి నియమం. అప్పట్లో ఫొటోకి ఫ్రేము కట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, గోడకి తగిలించేవాళ్ళు. పెళ్ళయ్యాకే దించేవాళ్ళు. గోడ మీది ఫ్రేముకి పెట్టిన నియమాన్ని మావయ్య టీవీకి పెట్టాడు. టీవీకీ నాలుగు మూలలా పసుపు రాశాడు. షాపు మూసినా స్విచ్ కట్టేసేవాడు కాదు.

నేను కొత్తవలసలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసేదాన్ని. రోజూ పొద్దున్న ఆ టీవీ ఎదురుగా నిలబడే బస్సు కోసం చూడాలి. రోజంతా ఊళ్ళోవాళ్ళ పళ్ళు చూసే ఉద్యోగం, పొద్దున్నే మాత్రం నా పళ్ళు నేనే చూసుకునేదాన్ని. బస్సుల దగ్గర పూలమ్మే మామ్మ ఒకరోజు నా మొహంలోకి చూసి అడిగింది.

"టీవీలో అంత నవ్వుతన్నావు, ఇక్కడేటమ్మా మూతి ముడుసుకుని నిల్సున్నావు?"

బస్సు రాలేదని చెప్పాను. అబద్ధం. ఆ పెళ్ళి నాకు ఇష్టం లేదు.

బావ మంచివాడు. అసలు గొడవే అది. తాగుబోతో, కోపిష్టో అయితే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేదాన్ని. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే పక్కన కూర్చుని బొమ్మలు గీసి చూపించేవాడు. నా జడ పట్టుకుని లాగింది లేదు. అతన్ని చూస్తే నాకు అన్నయ్య ఉంటే ఇలాగే ఉండేవాడనిపిస్తుంది. అలాంటివాడి పక్కన పెళ్ళాంగా పడుకోవడం నా వల్ల కాదు. ఈ ముక్క ఎవరితో చెప్పను?

ఒకసారి అమ్మతో చెప్పబోయాను. చేటలో చోళ్ళు చెరుగుతోంది.

"అమ్మా, నాకీ పెళ్ళి ఒద్దే."

చేట ఆగింది. "ఆడేటి, సెడ్డోడా?"

"కాదు."

"ఇంకెవులైనా ఉన్నారేటి?"

"లేరే."

"మరింకేటే నీ బాధ?"

చేట మళ్ళీ మొదలైంది. అమ్మ దగ్గర ఉన్నవి రెండే కారణాలు, నా దగ్గర ఆ రెండూ లేవు. కోపం నాకు అమ్మ మీద కాదు, నా మీదే వచ్చింది. ఆ తర్వాత శుభలేఖలు అచ్చయ్యాయి, పట్టుచీరలు వచ్చాయి. ఎవరేం చూపించినా బాగుందనేదాన్ని. రాత్రిళ్ళు లేచి కూర్చునేదాన్ని. పొద్దున్న మళ్ళీ టీవీ ముందు నిలబడేదాన్ని.

పెళ్ళి ఇంకా ఇరవై రోజులుందనగా, నాకు సెలవు రోజున, అమ్మ ఇచ్చిన టిఫిన్ పట్టుకుని స్టూడియోకి వెళ్ళాను. ఒకామె తన పిల్లాడి బారసాల ఫొటోలు చూసుకుంటోంది. తెల్లటి దుప్పటి మీద పిల్లాడిని పడుకోబెట్టి తీసిన ఫొటో తెర మీదకి వచ్చింది. ఆమె ఒక్కసారిగా కుర్చీలోంచి లేచిపోయింది.

"ఇదేటి బాబూ, పిల్లడెనకాల ఎవులో ఉన్నారు!"

నిజంగానే ఉన్నారు. దుప్పటి తెలుపులో రెండు నీడలు. ఒకదాని చెయ్యి రెండోదాని భుజం మీద. మావయ్య గబగబా ఫొటో మార్చాడు. నీడలు మారలేదు. ఏ ఫొటో వేసినా వెనకాల మేమిద్దరం ఉన్నాం.

ఆమెకి సర్దిచెప్పి పంపి, విజయనగరం నుంచి మెకానిక్కుని పిలిపించాడు. అతను వచ్చి తెరంతా ఒట్టి తెలుపు వేశాడు. మేము ఇంకా స్పష్టంగా కనపడ్డాం. మావయ్య పడీపడీ నవ్వాడు.

"సూసేవా? దేవుడే ముద్దర ఏసేసేడు. మిమ్మల్ని ఇడదీసేవోడు లేడు."

మెకానిక్ నవ్వలేదు. "బొమ్మ అంటుకుపోవడం కాదండీ ఇది. రోజల్లా ఒకే బొమ్మ ఉంచేసేరు కదా, ఎక్కువ ఎలిగిన సోట ఎక్కువ అరిగిపోయింది. ఇంక ఇది పోదు. తెర మార్సాలంతే." ఆ మాట చెప్పి సంచీ సర్దుకుని బస్సెక్కేశాడు.

నేను తెర దగ్గరికి వెళ్ళాను. బావ ముదురు రంగు చొక్కా వేసుకున్నాడు కాబట్టి అతని నీడ పలచగా ఉంది. నాది లేత చీర, తలలో మల్లెపూలు. నేనే ఎక్కువ వెలిగాను, నేనే ఎక్కువ మసకబారాను. అన్నిటికన్నా నల్లగా ఉన్నవి నా పళ్ళు. నాకు నిజంగా భయమేసింది. ఇంకో నలభై ఏళ్ళు నేను ఇలాగే నవ్వాలి.

మావయ్యకి మెకానిక్ మాట నచ్చలేదు. కెమెరా లెన్సు తుడిచే మెత్తటి గుడ్డ తెచ్చి, తెర మీద నా మొహం ఉన్న చోట నెమ్మదిగా తుడవడం మొదలెట్టాడు.

"మావా," అన్నాను. "నాను బావని సేసుకోను."

తుడుస్తూనే ఉన్నాడు. వినలేదనుకుని మళ్ళీ చెప్పాను. గుడ్డ ఆగింది.

"ఆడేటైనా అన్నాడేటే?"

"ఏటీ అనలేదు. బావ మంచోడు. నాకు ఇష్టం నేదు మావా. మొదట్నుంచీ నేదు."

మావయ్య స్టూలు మీద కూలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆ పెద్దమనిషి మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. నన్ను చూడలేదు. తెల్లటి తెర మీది నన్నే చూస్తూ అడిగాడు.

"నాలుగు నెల్లయిందే. ఒక్క మాటైనా సెప్పలేకపోయేవా?"

"నువ్వు అడగలేదు మావా."

"అడగలేదేటి? ప్రధానం రోజే అడిగేను కదే, ఫొటో బాగుందా అని."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"ఫొటో బాగానే ఉంది మావా," అన్నాను.