రాణిగారి నగ మళ్ళీ పోయింది

రాసిన నాటకాన్ని రాసినట్టు ఆడనివ్వకపోవడం మా మార్పులక్కకున్న ఒకే ఒక్క జబ్బు. ఆ పేరు పెట్టింది మేం నాటకం నేర్పిన పిల్లలు. మా కాలేజీ నాటక బృందానికి ఆమె దర్శకురాలు, నేను రచయితను. నన్ను రచయిత అని ఎవరైనా అంటే ఆమెకు నవ్వొచ్చేది.

నగరం నడిబొడ్డున ఇరుకు సందుల్లో ఉండే పిల్లలతో నాటకం వేయిద్దామని మేమంతా ఉత్సాహపడ్డాం. మూతపడ్డ గోడౌన్ ఒకటి ఊడ్చి తలుపు తీశామో లేదో, బెల్లం చుట్టూ చీమల్లా పిల్లలు మూగారు. నా నాటకంలో రాణి నగను ఒక దొంగ ఎత్తుకుపోతాడు, రాజు పట్టుకుంటాడు. అంతే కథ.

"రాజుకి చంటి కొడుకుండాలి," అంది మార్పులక్క రెండోనాడే.

"ఎందుకూ?"

"కథకి బలం."

రాజు వేసే కుర్రాడు తమ్ముణ్ణి చంకనేసుకునే వచ్చేవాడు. ఆ చంటివాడే యువరాజయ్యాడు. నిండుసభలో నిద్రపోవడం వాడి పాత్ర. మా అందరిలోకీ సహజంగా నటించింది వాడే.

వారం తిరక్కుండా దొంగకు మూడింది.

"దొంగను తీసేద్దాం."

"తీసేస్తే నగ ఎవరెత్తుకుపోతారే?"

"ఎవరూ ఎత్తుకుపోరు. రాణే ఎక్కడో పెట్టి మర్చిపోతుంది. దొంగ వేసేవాడు వెతికి తెచ్చిస్తాడు."

"ఇక కథేముంది, నా తలకాయ?"

"వెతకడం ఉందిగా. కథకి బలం."

నేను రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె అది గమనించినట్టు లేదు.

ప్రదర్శన సాయంత్రం గోడౌన్ కిటకిటలాడింది. సన్నగొంతు పిల్ల ఒకతి డబ్బా వాయిస్తూ, "రాణిగారి నగ పోయిందహో" అని చాటింపు వేసింది. వేసినంతసేపూ దాని చూపు గుమ్మం మీదే. తర్వాత మాజీ దొంగ మూలమూలా గాలించి నగ పైకెత్తి, "దొరికింది," అన్నాడు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది సందు చివరి దుకాణదారు. కొట్లో చాక్లెట్ తగ్గితే మొదట నగ తెచ్చిన ఆ కుర్రాడి జేబులే తడిమే మనిషి ఆయన. అప్పుడు తట్టింది నాకు, దొంగ ఎందుకు పోయాడో.

తెర దించబోతుండగా గుమ్మంలో ఒకావిడ ఆయాసపడుతూ ప్రత్యక్షమైంది. లాండ్రీలో పని ముగించుకుని పరుగున వచ్చినట్టుంది, చేతులింకా తడిగానే ఉన్నాయి.

"మా పాపది అయిపోయిందా?" అని పక్కవాళ్లనడిగింది. చాటింపు పిల్ల మొహం చిన్నబోయింది.

మార్పులక్క రంగస్థలం మీదికి నడిచి, రాజుకు దండం పెట్టింది.

"ప్రభూ, రాణిగారు నగను మళ్ళీ ఎక్కడో పెట్టి మర్చిపోయారు."

రాజు నోరు తెరిచాడు. రాణి మాత్రం చురుకైనది. "అవునండీ, నా బుర్ర ఎప్పుడూ ఇంతే," అంది.

ఇంకేముంది, డబ్బా మోగింది. ఆ సన్నగొంతుకు అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ గోడౌన్ రేకులదిరాయి. యువరాజు లేచి ఏడుపందుకున్నాడు. లాండ్రీ ఆవిడ తడిచేతులతోనే చప్పట్లు కొట్టింది. మాజీ దొంగ హుషారుగా రెండోసారి వెతికాడు.

నగ దొరికిందో లేదో, టోపీ చేత్తో పట్టుకుని బస్సు డ్రైవరొకాయన లోపలికొచ్చాడు. ఆయన రాజుగారి నాన్న. మార్పులక్క అవతలి వైపు యువరాజును సముదాయిస్తోంది. నేనే తెర పక్కనుంచి రాణిని పిలిచాను.

"తల్లీ, నగ ఇంకొక్కసారి పోగొట్టవూ?"

రాణి విసుక్కోలేదు. కాసేపు ఆలోచించి అడిగింది:

"ఈసారి ఎక్కడ పెట్టి మర్చిపోను, అన్నా?"