మా ఇంట అన్నం తినని చుట్టాలు

మా అన్నయ్యా వదినా వచ్చినరోజు మా ఇంట్లో అన్నం వద్దన్నారు. నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఈ మాట వింటే ఇక్కడివాళ్ళు నాకు మతి పోయిందనుకుంటారు. కానీ గోదావరి పక్కన మా పుట్టింటివైపు ఒక పద్ధతి ఉంది. పెళ్ళి సంబంధం చూడ్డానికి వెళ్ళినచోట, మాట ఖాయమయ్యేదాకా భోజనానికి కూర్చోరు. కాఫీ తాగుతారు, టిఫిను తింటారు, ఇచ్చిన పండు పుచ్చుకుంటారు. విస్తరి మాత్రం వెయ్యనివ్వరు.

సంబంధం కోసం వస్తున్నామని వాళ్ళు చెప్పలేదు. ఆయన మా పెదనాన్నగారి అబ్బాయి. "హంపీ చూద్దామని ఎన్నాళ్ళ నుంచో ఉంది చెల్లాయ్. మీ దేశం కాస్త తిప్పి చూపించు" అని ఫోన్ చేశాడు. మావాళ్ళకు బళ్ళారి ఇప్పటికీ పరాయిదేశమే. నేను కాపురానికి వచ్చిన ఏడాది మా అమ్మ కూడా అలాగే అనేది, పిల్లని దేశంకాని దేశం పంపామని. అన్నయ్యకు పెళ్ళీడు కూతురుంది. నాకు ముప్పై మూడేళ్ళ కొడుకున్నాడు. వరసైనవాళ్ళు. ఇక హంపీ ఎందుకు గుర్తొచ్చిందో నాకు ఎవరైనా విప్పి చెప్పాలా?

మేముండేది క్యాంపులో. తుంగభద్ర కాలవ కింద వరి పండించుకుందామని కోస్తా నుంచి వచ్చినవాళ్ళు వేసుకున్న ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. మా మామగారి కాలంలో పాకలుండేవి, ఇప్పుడు డాబాలున్నాయి, పేరు మాత్రం క్యాంపే. మా వీధిలో ఏ ఇంట చూసినా పెళ్ళికాని మగపిల్లవాడు. పొలం చేసేవాడంటేనే ఆడపిల్లలవాళ్ళు మొహం చిట్లిస్తారు, అది కర్ణాటకలో పొలమంటే ఫోన్ పెట్టేస్తారు. ఇక్కడివాళ్ళకు మేం ఆంధ్రావాళ్ళం, అక్కడివాళ్ళకు కర్ణాటకవాళ్ళం. మావాడి సంబంధాలన్నీ ఫోన్లోనే పుట్టి ఫోన్లోనే పోయాయి. ఒక్కరంటే ఒక్కరు గడప దాకా రాలేదు. పెళ్ళిచూపులంటే ఎలా ఉంటాయో, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఏం తింటారో, ఏం తినరో వాడికి తెలియదు.

అందుకే ఆ ఉదయం మా వదిన కాళ్ళు కడుక్కుని లోపలికొస్తూనే "భోజనాలేం పెట్టుకోకు వదినా, ఏదైనా టిఫిను చాలు" అనగానే ఇది సంబంధం చూడ్డమేనని నాకు తేలిపోయింది. వంటింట్లోకి పరుగెత్తి మా ఆయనతో చెప్పాను. ఆయన మనిషి మాట తక్కువ. "ఊఁ" అన్నాడు, కానీ కండువా తీసి మళ్ళీ సరిగ్గా వేసుకున్నాడు. వండి దించిన గుత్తివంకాయ కూర పక్కింటికి పంపించేసి, మరమరాలు తడిపి ఉగ్గాని కలిపాను, మిరపకాయ బజ్జీలు వేశాను. ఇద్దరూ తిన్నారు. అన్నయ్య చెమటలు తుడుచుకుంటూ "మీ దేశంలో పొద్దున్నే మిరపకాయలా!" అని నవ్వాడు.

మావాడు మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. ఇక్కడ పుట్టి పెరిగినవాడు. ఈ ఊళ్ళలో ఎవరు ఎదురుపడినా మొదటి మాట ఊట అయిందా అనే, అంటే భోజనమైందా అని. ఇంటికొచ్చినవాళ్ళు అన్నం ముట్టకుండా పోతే అంతకుమించిన అవమానం లేదు.

"అమ్మా, మామోళ్ళు మనింట్లో ఎందుకు తినల్యా? మనం ఏమన్నా తప్పు చేసినామా?" అని వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాడు.

"నీకెందుకురా పెద్దవాళ్ళ సంగతులు, కారు తుడుచుకో పో" అని కసిరాను. కారణం చెబితే దిష్టి తగులుతుందని నా భయం.

ఊరు చూపించడంలో నేను పడ్డ జాగ్రత్త ఆ దేవుడికి తెలుసు. హంపీకి కంప్లి మీదుగా తీసుకెళ్ళమని మావాడికి ముందే చెప్పాను. ఆ దారిలో అరటితోటలు, చెరకు, నది. అన్నయ్య కిటికీలోంచి చూసి "అచ్చం మన వైపులాగే ఉందే" అన్నాడు. వెనకసీట్లో కూర్చుని, అది నేనే నాటించినంత గర్వపడ్డాను. రాతిరథం చూశాం, గుళ్ళు చూశాం, ఆనకట్ట చూశాం. మధ్యాహ్నం హోటల్లో మావాడు సర్వరుతో కన్నడంలో గలగలా మాట్లాడి అందరికీ భోజనాలు చెప్పాడు. వదిన వాడివంకే చూస్తూ "అబ్బాయి వీళ్ళలో కలిసిపోయాడు వదినా" అంది. అది మెచ్చుకోలో కాదో తెలియక నేను నీళ్ళు తాగాను.

తిరిగి వచ్చేటప్పుడు బళ్ళారి బజారు చూడాలని వదిన అడిగింది. అంటే తోరణగల్లు రోడ్డు. నేను వద్దనేలోపే మావాడు కారు తిప్పేశాడు. ఇనుపరాయి లారీల వెనక గంటసేపు. ఎర్రదుమ్ము అద్దాలమీద, ఆకులమీద, టీ కొట్టువాడి కనుబొమ్మల మీద. దాచుదామనుకున్నదంతా మావాడు కూరెకుప్ప అనే ఊరి దగ్గర కారాపి మరీ చూపించాడు. "అదో మామా, ఉక్కు ఫ్యాక్టరీ. రాత్రీ పగలూ పని జరుగుతానే ఉంటాది. ఇంత పెద్దది మీ పక్క యాడా లేదు" అన్నాడు. వాడికి అది గొప్ప. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న వదినను చూస్తే నాకు ఏడుపొచ్చింది. వాడి నెత్తిన ఒక్కటి మొట్టాలనీ అనిపించింది.

బళ్ళారిలో బ్రూస్‌పేట బజారుకొచ్చాక మాత్రం కాస్త ఊపిరాడింది. బట్టలకొట్లో వదిన వేళ్ళతో సైగలు చేస్తూ ధర అడుగుతుంటే, కొట్టాయన "తెలుగులోనే అడగమ్మా. యాడనుంచి వచ్చినారు?" అన్నాడు.

"అయ్యో, మీకు తెలుగొచ్చా!" అంది వదిన.

"మాదీ తెలుగేనమ్మా. మీదే ఏందో వేరే మాదిరి ఉండాది" అన్నాడాయన. అందరం నవ్వాం. ఆ రెండు రోజుల్లో వదిన మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే. ఆ రాత్రి కూడా వాళ్ళు మా ఇంట్లో అన్నం వద్దన్నారు, బజారులో కొన్న అరటిపళ్ళు తిని పడుకున్నారు. మావాడు మొహం వేలాడేసుకుని తిరిగాడు. నేను మాత్రం చీకట్లో కోడలికి ఏ గది ఇవ్వాలా అని ఆలోచించుకున్నాను.

మర్నాడు సాయంత్రం వాళ్ళ రైలు. పొద్దున్నే అన్నయ్య "పొలం చూసొద్దాం" అన్నాడు. సంబంధం చూసేవాళ్ళు పొలం చూడకుండా పోరు, కాబట్టి అదీ మంచి శకునమే అనుకున్నాను. కానీ ఇది మాఘమాసం. ఈసారి రెండో పంటకు నీళ్ళు లేవన్నారు. మాది అసలే కాలవ చివర. కాలవలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. పొలం అరచేతులు పట్టేంత బీటలిచ్చి ఉంది. దాన్ని దాచడానికి నా దగ్గర కంప్లి దారి లాంటిదేమీ లేదు.

"ఎప్పుడూ ఇంతేనా?" అన్నాడు అన్నయ్య.

అవునో కాదో కాస్త తేల్చకుండా చెప్పొచ్చు కదా! మావాడికి అబద్ధం రాదు. "ఒగో ఏడు వస్తాది, ఒగో ఏడు రాదు మామా. వచ్చినా మా కాడికి వచ్చేసరికి మిగిలేది తక్కువే" అన్నాడు.

అన్నయ్య డెల్టా రైతు. నీళ్ళు ఎక్కువై పంట పోగొట్టుకోవడం తెలుసు గానీ, ఇది ఆయనకు కొత్త. ఒక మట్టిబెడ్డ తీసి చేతిలో తిప్పి, మెల్లిగా ఎక్కడిదక్కడ పెట్టాడు. "నేల మంచిదేరా" అన్నాడు. ఇంటికొచ్చేదాకా వదినా ఆయనా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇంటికొచ్చాక వదిన నేరుగా వంటింట్లోకి వచ్చింది. నా భుజం మీద చెయ్యి వేసి, చాలా మెత్తగా అడిగింది:

"వదినా, ఆకలేస్తోంది. ఆవకాయ ఉందా? కాస్త అన్నం పెడుదూ."

గరిటె పొయ్యి పక్కన పెట్టాను. ఆమెకు తెలుసు, నాకు తెలుసు. మాట ఖాయం కాకుండానే విస్తరి వేయించుకుంటే ఇక సంబంధం లేదని, మిగిలింది ఉత్త చుట్టరికమేనని అర్థం. నోటితో కాదనలేక అన్నం అడిగింది. ఎంత మర్యాదస్తులో! ఆ మర్యాదకు నా కడుపు మండిపోయింది. అయినా వడ్డించాను. పప్పు, ఆవకాయ, నెయ్యి, పెరుగు. అన్నయ్య తలెత్తకుండా తిన్నాడు. మా ఆయన విస్తళ్ళు చూసి చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళి, ఎండలో కట్టెలు కొడుతూ కూర్చున్నాడు.

మావాడి సంబరం చూడాలి. "ఇంగా కొంచెం ఏసుకో మామా, అత్తా నువ్వు మజ్జిగ తాగల్యా" అంటూ కొసరి కొసరి వడ్డించాడు. వాడు వడ్డించిన ప్రతిసారీ వదిన కాదనకుండా తింది. ఆమె కళ్ళు తడిగా ఉండటం ఆవకాయ వల్ల కాదని నాకు తెలుసు. ఆమెను తిట్టుకోవడానికి కూడా నాకు మనసొప్పలేదు. నాకే కూతురుంటే ఆ బీటల్లోకి పంపుతానా?

బొట్టుపెట్టి, చీర పెట్టి, బళ్ళారి స్టేషన్లో రైలెక్కించాం. అన్నయ్య కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఏదో అనబోయి "ఆరోగ్యం చూసుకో" అన్నాడు. రైలు కదిలింది.

తిరుగుదారిలో మావాడు కారు నడుపుతూ ఈల వేస్తున్నాడు. వాడు ఈల వేసి ఎన్నాళ్ళైందో. ఊరు దాటాక అద్దంలో నావంక చూశాడు.

"అమ్మా, మామోళ్ళు మనింట్లో కడుపునిండా తిన్యారు గదా. నిన్నంతా భయపడితి. ఇంగ పిల్లనిచ్చేదానికి ఒప్పుకున్నట్టే గదమ్మా?"

నేను కిటికీ అద్దం దించుకున్నాను. సంతోషపడుతున్నాననుకున్నాడో ఏమో, మళ్ళీ వాడే అందుకున్నాడు. "ఉగాదిలోపల ఇంటికి రంగులు ఏపిస్తా. ముందు గది గోడలు మరీ పాతగా ఉండాయి."

"వేయించు నాయనా" అన్నాను.