రూతమ్మ టీచర్ క్రిస్మస్ నాటకం

తడిసిన గొంగడి వాసన అందరికీ పడదు. డిసెంబరు మొదట్లో కామారెడ్డిలో ఒకరోజు ముసురు పట్టింది. మా బడిలో క్రిస్మస్ నాటకానికి, గొర్రెల కాపరుల వేషాల కోసం పిల్లలు ఇండ్ల నుంచి తెచ్చిన గొంగళ్లు తోవలోనే తడిశాయి. వాటిని స్టాఫ్ రూములో కుర్చీల మీద ఆరేస్తే టీచర్లంతా ముక్కులకు కొంగులు అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయారు. నేను మాత్రం కదల్లేదు. ఆ గొర్రె బొచ్చు వాసన నన్ను ఎల్లారెడ్డికి తీసుకుపోయింది. నేను చదువుకున్న ప్రైవేటు బడికి, దాని రేకుల హాలుకి, ఆ హాల్లో స్కేలు పట్టుకుని కాపరుల్ని వరుసలో నిలబెట్టే రూతమ్మ టీచర్ దగ్గరికి. సరిగ్గా ఆ సమయంలో ఆమె నాకు చాలా అవసరం కూడా.

ఎందుకంటే ఆ వారమే మా బడిలో గొడవ మొదలైంది. కొందరు తల్లిదండ్రులు వచ్చి, క్రైస్తవుల నాటకం మన పిల్లలతో ఎందుకు, ఆపేయండి అన్నారు. ఇంకొందరు, ఇన్నేళ్లుగా వేస్తున్నదాన్ని ఆపితే బడి పరువేం కావాలి, పిల్లలందరూ వేయాల్సిందే అన్నారు. యాజమాన్యం "హెడ్మిస్ట్రెస్ మీరే కదా, మీరే తేల్చండి" అని ఆ బరువును నా నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంది. నేను ముస్లింని. ఆపితే ఒక మాట, ఆపకపోతే ఇంకో మాట నా పేరుకు అతుక్కుంటుందని నాకు తెలుసు. తిండి సయించడం లేదు, నిద్ర పట్టడం లేదు. అలాంటప్పుడు ఆ గొంగళ్లు వచ్చాయి.

రూతమ్మ టీచర్ మాకు లెక్కలు చెప్పేవారు. పొట్టి మనిషి, గట్టి గొంతు. బోర్డు మీద లెక్క తప్పితే "నీ బుర్ర ఇంట్లనే మర్చిపొయ్యొచ్చినవా?" అని అడిగి, నిజంగానే జవాబు కోసం ఎదురుచూసేవారు. అవుననాలో కాదనాలో తెలియక చచ్చేవాళ్లం. ఆ బడి టీచర్లలో క్రైస్తవురాలు ఆమె ఒక్కరే. ఏటా డిసెంబరులో ఏసు పుట్టుక నాటకం వేయించేదీ ఆమే. సత్రం యజమాని, కాపరులు, తూర్పు దేశపు జ్ఞానులు, దేవదూతలు అందరూ మేమే. మామూలుగా ఏ బడిలోనైనా వేషాలు పంచేసి రిహార్సల్ మొదలుపెడతారు. ఆమె పద్ధతి వేరు. ఏ పిల్లకు ఏ వేషం అనుకుంటే ఆ పిల్ల ఇంటికి సాయంత్రం నడిచి వెళ్లి, ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టి, ఆ వేషాన్ని ముందు తానే ఆడి చూపించేవారు. మాటలు, మోకరిల్లడం, దండం పెట్టడం, ఒక్కటీ దాచకుండా. "ముందు ఇంట్ల ఆడాలె, తర్వాతనే స్టేజి మీద" అనేవారు. లెక్కల టీచర్ నడివాకిట్లో దుప్పటి కప్పుకుని దేవదూతలా చేతులు చాపితే నవ్వాపుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. ఆమె ఆ నవ్వుల్ని పట్టించుకునేవారు కాదు. చివర్న మాత్రం "ఇప్పుడు చెప్పుండ్రి, మీ బిడ్డ ఇది చేసుడు మీకు ఇష్టమేనా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చునేవారు.

ఏడో తరగతిలో నన్ను మరియమ్మ వేషానికి అనుకున్నారు. అప్పుడు మా నాన్న, మేం అబ్బా అనేవాళ్లం, సౌదీలోని దమ్మామ్ నుంచి సెలవు మీద వచ్చి ఇంట్లో ఉన్నారు. టైల్స్ పనిలో మోకాళ్లు అరగదీసుకున్న మనిషి. తక్కువ మాట్లాడతారు, మాట్లాడితే మార్చుకోరు. టీచర్ రేపు మీ ఇంటికి వస్తానన్నప్పుడు నన్ను రెండు భయాలు పట్టుకున్నాయి. అబ్బా ఒప్పుకోరని నాకు తెలుసు. ఒప్పుకోకపోతే టీచర్ ఇక నా ముఖం చూడరని ఒక భయం. టీచర్ పట్టుబడితే అబ్బా నన్ను ఆ బడే మాన్పిస్తారని ఇంకో భయం. ఆ వయసులో నాకు ఆ బడీ, ఆ టీచరూ తప్ప వేరే లోకం లేదు.

మర్నాడు సాయంత్రం ఆమె వచ్చారు. చెప్పులు విప్పి, మా దాదీ, అంటే నాయనమ్మ, కూర్చున్న చాప ముందు నిలబడి వేషం మొత్తం ఆడి చూపించారు. బట్టల మూటను బిడ్డలా ఎత్తుకుని జోకొట్టారు కూడా. దాదీ నవ్వు దాచుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అబ్బా నవ్వలేదు.

"తప్పనుకోకుండ్రి టీచరమ్మా," అన్నారు. "మీ మరియమ్మనే మాకు మర్యమ్ బీబీ. ఆమె అంటె మాకు చాన ఇజ్జత్. గందుకే వేషం కట్టం. మా దాంట్ల పైగంబర్లకు, అంటె ప్రవక్తలకు, గసొంటి పెద్దోళ్లకు వేషాలు కట్టుడు లేదు."

"అయితె ఒద్దంటరా?"

"ఒద్దు."

"సరే భాయ్. ఒద్దంటె ఒద్దే." ఆమె మూట విప్పి, బట్టలు మడతపెట్టి నా చేతికిచ్చారు. "చాయ్ అయితె పోస్తరా, దానికి గూడ ఒద్దేనా?"

అప్పుడు అబ్బా నవ్వారు. చాలాసేపు వాదించాల్సి ఉంటుందని నడుం కట్టుకుని కూర్చున్న మనిషికి, ఎదుట వాదించేవాళ్లే లేకపోయేసరికి ముఖం తేటపడింది. చాయ్ తాగుతుంటే దాదీకి ధైర్యం వచ్చి తమ కథ మొదలుపెట్టింది. మర్యమ్ బీబీ నొప్పులతో ఒంటరిగా ఖర్జూర చెట్టు కిందికి చేరడం, చెట్టును ఊపితే పండ్లు రాలడం, కాళ్ల దగ్గర నీటి ఊట పుట్టడం అన్నీ చెప్పింది. టీచర్ సాసర్లో పోసుకున్న చాయ్ చల్లారిపోయేదాకా విన్నారు. నేను ఆగలేక "టీచర్, ఖర్జూర చెట్టు గూడ నాటకంల పెడ్దాం, మంచిగుంటది" అన్నాను.

"పెట్టద్దు," అన్నారు ఆమె. "అది మీ దాదీ చెప్పిన కథ. ఆమె చెప్పింది, నేను విన్న. దాన్ని ఎత్కపొయ్యి నా దాంట్ల కలుపుకుంట అంటె మర్యాద గాదు." దాదీ బతికున్నన్నాళ్లూ ఆ మాట తలుచుకునేది.

మర్నాటి నుంచి నేను టీచర్ ముఖంలో కోపం వెతుక్కుంటూ తిరిగాను. నన్ను పలకరించారా, నా పేరు మామూలుగానే పిలిచారా అని ప్రతిదీ గమనించాను. ఆ వారంలోనే బోర్డు మీద నా భిన్నాల లెక్క తప్పింది. "నీ బుర్ర ఇంట్లనే మర్చిపొయ్యొచ్చినవా?" అన్నారు, ఎప్పటి గొంతుతోనే. క్లాసంతా నవ్వింది. తిట్టు తిని అంత సంతోషపడ్డ పిల్ల ఎల్లారెడ్డిలో ఇంకొకతె ఉండి ఉండదు. నాటకంలో మరియమ్మ వేషం వేరే అమ్మాయి వేసింది. నేను కొంచెం కుళ్లుకున్నాను, అది వేరే సంగతి. ఆ రోజు అబ్బా, దాదీని వెంటబెట్టుకుని నాటకం చూడటానికి వచ్చారు. వద్దన్న మనిషి ఎందుకు వచ్చారో అప్పుడు నాకు అర్థం కాలేదు. వద్దని అనగలిగారు కాబట్టే రాగలిగారని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ వీలు లేకపోతే ఆ హాలు ఛాయలకే వచ్చేవారు కాదు.

నేను పదో తరగతిలో ఉండగా ఆ నాటకం ఆగిపోయింది. ఆపింది రూతమ్మ టీచరే. ఆ ఏడు మా కరస్పాండెంట్ సారుకి కొత్త ఆలోచన వచ్చింది. అడ్మిషన్ల కరపత్రం మీద వేయడానికి పెద్ద ఫొటో కావాలి, బడి పిల్లలంతా స్టేజి చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని దండం పెడుతుండాలి, ఎవరికీ మినహాయింపు లేదు అన్నారు. పెద్దకొడప్‌గల్ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే గంగాధర్ అనే అబ్బాయి "మా ఇంట్ల ఒద్దన్నరు సార్" అన్నాడు. సారు అందరి ముందూ వాడి చెవి మెలేసి మోకాళ్ల మీదికి వంచారు. హాలు చివర తెర కట్టిస్తున్న టీచర్ అది చూశారు. గబగబా వచ్చి, పిల్లవాణ్ని లేపి నిలబెట్టారు.

"ఈ యేడు నాటకం లేదు. పొయ్యి చదువుకోండ్రి," అన్నారు మాతో.

సారు తెల్లబోయారు. "ఏందమ్మా, పండుగ మీదే గద. మీ కోసమే గద ఇదంత."

"పండుగ నాదే సార్. బలవంతం మీది. రెండింటిని ఒక్క స్టేజి మీద నేను నిలవెట్టలేను."

కట్టించిన తెరను తన చేతుల్తోనే విప్పేశారు. భర్త లేని మనిషి, ఆ జీతంతోనే ఇద్దరు పిల్లల్ని సాకుతున్నారు. ఉద్యోగం ఊడుతుందని మేమంతా వణికాం. ఊడలేదు. లెక్కలు అంత బాగా చెప్పేవాళ్లు సారుకి ఇంకెక్కడ దొరుకుతారు? ఆమె చర్చికి వచ్చేవాళ్లే కొందరు, ఏసయ్య నాటకాన్ని నువ్వే ఆపుతావా అని నిష్ఠూరమాడారట. మరుసటి ఏడు సారే దిగొచ్చి, మీ పద్ధతిలోనే కానివ్వండి అన్నారని విన్నాను. అప్పటికి నేను ఇంటర్ చదవడానికి కామారెడ్డి వచ్చేశాను.

ఇంత చూసి కూడా, నలభై దాటాక, హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుని ఏం చేయాలా అని బుర్ర బద్దలుకొట్టుకుంటున్నాను. సిగ్గేసింది. ఆరిన గొంగళ్లలో ఒకటి సంచిలో పెట్టుకుని బయల్దేరాను. ఆపమన్నవాళ్లలో అందరికంటే గట్టిగా మాట్లాడింది సదాశివనగర్ రైతు సాయిలు. ఆయన కొడుకు వంశీని మా టీచర్లు కాపరి వేషానికి ఎంచారు. నేను వెళ్లేసరికి వాకిట్లో మక్కలు, మొక్కజొన్న గింజలు, ఆరబోసి ఉన్నాయి. "ముందుగాల చూడుండ్రి, తర్వాత తిట్టుండ్రి," అని గొంగడి భుజాన వేసుకుని మొదలుపెట్టాను. లేని గొర్రెల్ని అదిలించాను, లేని దేవదూతను చూసి బెదిరాను. సాయిలు భార్య గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. పసి ఏసును పడుకోబెట్టిన పశువుల తొట్టె దాకా వచ్చి ఆగాను.

"ఇక్కడ కాపరులు మోకాళ్ల మీద కూసుంటరు. నేనైతె కూసోను, వేషానికి గూడ. మా దాంట్ల అది అల్లా ముందట్నే."

సాయిలు ముఖం చిట్లించాడు. "మీరే కూసుంటలేరు, మావోణ్ని ఎట్ల కూసోవెడ్తరు మేడం?"

"నేను కూసోవెట్టను. కూసోవాల్నా ఒద్దా మీరే చెప్పాలె."

ఆయన కొడుకు వైపు చూశాడు, మక్కల వైపు చూశాడు. "ఒద్దు మేడం."

"ఒద్దంటె ఒద్దే."

"గంతేనా?" ఆయన గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. "పిలగానికి మార్కులు గిట్ల తక్కువెయ్యరు గద? క్లాసుల ఎన్కకు గూసోవెట్టరు గద?"

బడి గేటు దగ్గర అంత ఎగిరిన మనిషి లోపల దాచుకున్నది ఈ భయాన్నా? నాకు జాలీ వేసింది, కొండంత బరువు దిగినట్టూ అనిపించింది. "మార్కులు తక్కువెయ్యను, ఎన్కకు కూసోవెట్టను. నా మాట," అన్నాను. ఆయన భార్య చాయ్ తెచ్చింది. ఆ రోజు ఇంటికి వచ్చి కడుపునిండా తిని హాయిగా పడుకున్నాను. మర్నాడు తల్లిదండ్రుల సమావేశంలో చెప్పేశాను. నాటకం ఉంటుంది. ప్రతి ఇంటికీ ముందు వచ్చి ఆడి చూపిస్తాం. వద్దన్న పిల్లలకు ఒక్క మాట పడదు. ఎవరినైనా బలవంతపెట్టారని తెలిస్తే అదే రోజు తెర విప్పేస్తాను. ఆపమన్నవాళ్లూ గొణిగారు, అందరూ వేయాలన్నవాళ్లూ గొణిగారు. నాకు మాత్రం మనసులో ఏ గుబులూ లేదు.

నాటకం అయింది. నడుస్తున్నంతసేపూ నా కళ్లు స్టేజి మీద కంటే ముందు వరుసలోని వంశీ మీదే ఉన్నాయి. వద్దన్నవాళ్లను ముందు చూసుకోవడం నాకు రూతమ్మ టీచర్ నుంచే అబ్బింది. సాయంత్రం ఎల్లారెడ్డికి, రూతమ్మ టీచర్‌కి ఫోన్ చేశాను. రిటైరై చాలా ఏళ్లయినా గొంతులో గట్టితనం తగ్గలేదు. జరిగిన గొడవంతా ముందే చెప్పి ఉన్నాను కాబట్టి, ఇప్పుడు వేషాలు ఎంత బాగా కుదిరాయో, పాటలు ఎంత బాగా పాడారో చెప్పబోయాను.

"గవన్ని ఇడ్సిపెట్టు," అన్నారు. "ఒద్దన్న పిలగాడు వచ్చిండా?"

"వచ్చిండు టీచర్. వాళ్ల బాపు పక్కన కూసున్నడు."

"నవ్విండా?"

"స్టేజి మీదికి తెచ్చిన నిజం గొర్రెపిల్ల పొయ్యి తొట్టెల గడ్డి తింటుంటె పడి పడి నవ్విండు."



"అయితె వచ్చే యేడు గూడ ఎయ్యి బిడ్డా," అన్నారు.