మా బావ సన్మాన పత్రం నిద్రలేచిన వైనం

నిండు సభలో సొంత బావను తిట్టించి, ఆ తిట్లకు బంగారు రంగు ఫ్రేము కట్టించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేనే. ఆ రోజు డైరీలో మాత్రం "ఎండ ఎక్కువ" అని రాసుకున్నాను.

అప్పటికి కొత్తగా రిటైరయ్యాను. మా బావ శ్రీముఖలింగంలో వయొలిన్ మాష్టారు. శిష్యులు సన్మానం తలపెట్టి, పత్రం నన్ను రాయమన్నారు.

"పెళ్లినాటి నుంచీ మీ ఇద్దరికీ పడదు. ఈ ఒక్కసారైనా ఆయన నొచ్చుకోకుండా రాయరా తమ్ముడూ," అని అక్క బతిమాలింది.

అక్క కూతురు సుజాత నా పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేసి, నల్ల తెర మీద రాయడం నేర్పింది. "సంగీత సరస్వతికి ముద్దుబిడ్డ" అని మొదలుపెట్టి పేజీ నింపాను. చివర్లో ఒక అక్షరం తప్పింది. ఆఫీసు అలవాటు కొద్దీ, తప్పు వెనక్కి తీసుకుందామని కంట్రోల్, జెడ్ కలిపి నొక్కాను. తప్పుతో పాటు బావ కూడా మాయమయ్యాడు.

మళ్లీ మొదటి నుంచి రాశాను. చెయ్యి ఊరుకోదు కదా, మళ్లీ నొక్కాను. మళ్లీ మాయం. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, యంత్రం మీది కోపం బావ మీద పడింది. ఎలాగూ మాయమయ్యేదేనని, మొదటి వాక్యం అదే ఉంచి, కింద కడుపులో ఉన్నదంతా కక్కాను. ఈసారి కావాలనే కంట్రోల్ జెడ్ కొట్టి దహనం చేశాను. ప్రాణం హాయిగా ఉంది.

అంతలో పత్రం అచ్చేసి ఫ్రేము కట్టాల్సిన షాపతను ఫోన్ చేశాడు. "బాబూ, షాపు కట్టేస్తన్నాను. పంపుతారా నేదా?"

సుజాతకు ఫోన్ చేశాను.

"అది పోలేదు మావయ్యా, ఎనక్కెళ్లి పడుకున్నాది. ఎఫ్, జీ అని కొట్టు, లేచి ముందుకొస్తాది. ఒకదాన్నే పడుకోబెట్టావా, ఇంకేటైనా ఉన్నాయా?"

ఒకే తప్పు పదేపదే చేశానని చిన్నపిల్లకు ఎలా చెప్పను? "ఒకటే," అన్నాను.

కొట్టాను. "సంగీత సరస్వతికి ముద్దుబిడ్డ" ప్రత్యక్షం. కళ్లు చెమర్చాయి. కింద చదవకుండా పంపేశాను.

సభలో శిష్యుడు గొంతు సవరించుకున్నాడు. "సంగీత సరస్వతికి ముద్దుబిడ్డ. పెళ్లిలో అప్పడం విరిగిందని అలిగి కూర్చున్న ఘనుడు. వయొలిన్ కన్నా గురకలోనే శ్రుతి తప్పని విద్వాంసుడు..."

అక్క కొంగులో మొహం దాచుకుంది. సుజాత నా చెవిలో, "ఆఖర్న పడుకున్నదే ముందు లేస్తాది మావయ్యా. మిగతావాటికి నంబరు సెప్పాలి. ఒకటే అన్నావు కదేటి?" అంది.

బావ మెల్లగా మైకు అందుకున్నాడు.

"ఒరే బామ్మర్దీ! అప్పడం ఇరగలేదురా. నాకసలు ఎయ్యనేదు. అదొక్కటీ సరిసేయించు. మిగతాదంతా ఒప్పుకుంటన్నాను."

కనుక ముఖలింగేశ్వరుడి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నంబరు చెప్పకుండా దేన్నీ నిద్రలేపను. లేచినదాన్ని చివరిదాకా చదవకుండా గడప దాటించను. ఏ పంక్తిలోనైనా మా బావ విస్తట్లో మొదటి అప్పడం నేనే వేస్తాను.