పెరుగు గిన్నె పక్కన యాష్‌ట్రే

మొగుడి పరువు తీసిన కోడలు అని మా అత్తగారు ఇప్పటికీ ఫోన్లో ఎవరో ఒకరికి నా గురించి చెప్తూనే ఉంటారు. తీశాను. కాదనను. అవసరమైతే రేపు మళ్ళీ తీస్తాను. ఎందుకు తీశానో మాత్రం ఆవిడ ఆ ఫోన్లలో చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నాను.

అప్పుడు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పాపకి ఐదేళ్ళు. మా ఆయన రోజుకి నాలుగైదు సిగరెట్లు కాల్చేవారు, బాల్కనీలోకి వెళ్ళి, తలుపు వేసుకుని. పెళ్ళికి ముందే ఆ సంగతి చెప్పారు, నేనూ సరేనన్నాను. సెప్టెంబరులో అత్తయ్య, మామయ్యగారు ఆరు నెలలు ఉండటానికి ఇండియా నుంచి వచ్చారు. వాళ్ళు దిగే ముందు రోజు బాల్కనీ కడిగి, యాష్‌ట్రే తోమి, కిచెన్‌లో సింకు కింద అలమరలో వెనక్కి తోసింది నేనే. ఎంత వయసొచ్చినా తండ్రి ఎదురుగా సిగరెట్ ముట్టించడం మా ఇళ్ళల్లో లేదు. భార్య అన్నది కూడా దాన్ని కప్పిపుచ్చాలి. నాకు ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే చేసేశాను.

మామయ్యగారు బస్సు కండక్టరుగా రిటైరయ్యారు. 'పొగ త్రాగరాదు' అని రాసున్న బస్సులో బీడీ వెలిగించినవాణ్ణి, వాడి కోడిపుంజుతో సహా నడిరోడ్డు మీద దింపేసిన కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవారు. ఆ కథ నడుస్తున్నంతసేపూ మా ఆయన నేలచూపులు చూసేవారు. నాకు లోపల్లోపల నవ్వొచ్చేది.

వానలు మొదలైన కొద్దిరోజులకి పాపకి దగ్గు పట్టుకుంది. ముందు పొడి దగ్గు, తర్వాత పిల్లికూతలు. ఊపిరి తీస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోయేది. అత్తయ్య కార్పెట్ వల్లే అన్నారు, పొద్దున్నే సీరియల్‌లో పోసే చల్లటి పాల వల్లే అన్నారు. దిష్టి తీసి ఎండుమిరపకాయలు స్టవ్ మీద వేస్తే స్మోక్ అలారం మోగి పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు బయటికొచ్చారు.

"ఇంట్లో ఎవరైనా స్మోక్ చేస్తారా?" అని పిల్లల డాక్టరు అడిగింది. "లేదు" అన్నాను. గట్టిగా, నమ్మకంగా. నిజమే మరి, ఇంట్లో ఎవరూ కాల్చడం లేదు; మా ఆయన ఆఫీసు దగ్గర కాల్చుకుంటున్నారనే అనుకున్నాను. ముఖానికి తొడిగే మాస్కుతో ఇన్‌హేలర్ రాసిచ్చింది.

ఇంకో విచిత్రం ఉండేది. మామయ్యగారి ఒళ్ళో కూర్చున్నప్పుడు దగ్గు వస్తే పాప లేచి బాత్‌రూములోకి పరిగెత్తేది. తువ్వాల్లో ముఖం పెట్టుకుని దగ్గి వచ్చేది. మోచేతిలో దగ్గమని స్కూల్లో నేర్పుతారు కదా, ఇదీ అలాంటిదేదో అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

జనవరిలో ఒక ఆదివారం పాప బట్టల బుట్టలో కూర్చుని కారు ఆట ఆడుకుంటోంది. వెనక బొమ్మని కూర్చోబెట్టింది. రెండు వేళ్ళ మధ్య క్యారెట్ ముక్క. దాన్ని బుట్ట అంచు దాకా చాపి, చూపుడువేలితో రెండుసార్లు కొట్టి, బొమ్మతో అంటోంది: "విండో ఓపెన్ చేశా, ఓకే? తాతకి చెప్పొద్దు. అమ్మకి కూడా చెప్పొద్దు. గుడ్ గర్ల్."

నేను ఆరున్నర రైలుకి ఆఫీస్‌కి వెళ్ళిపోతాను. పాపని స్కూల్లో దింపేదీ, సాయంత్రం తెచ్చేదీ ఆయనే. అటు అరగంట, ఇటు అరగంట. పార్కింగ్‌లోకి దిగి కారు తలుపు తీశాను. అద్దానికి నిమ్మ వాసన అట్ట వేలాడుతోంది. పాప కార్‌సీటు గుడ్డకి ముక్కు ఆనించి గట్టిగా పీల్చాను. ఇక చెప్పేదేముంది! ఒళ్ళు మండిపోయింది.

ఆయన్ని అక్కడికే పిలిచాను.

"బాల్కనీలో నాన్న కూర్చుంటున్నారు కదా, మరెక్కడ కాల్చను?" అన్నారు.

"వెనక పిల్ల ఉంటుంది కదండీ!"

"అద్దం కొంచెం దింపుతూనే ఉన్నా. మార్చిలో నాన్నవాళ్ళు వెళ్ళగానే మళ్ళీ బాల్కనీలోనే కాల్చుకుంటా. అప్పటిదాకా ఓపిక పట్టు."

"మార్చి దాకా పాప ఊపిరి తీసుకోవడం మానేసి కూర్చుంటుందా? ఈ నెల నుంచి కొత్త చట్టం వచ్చింది, తెలుసా? పిల్లలున్న కారులో కాల్చకూడదు."

"చదివాను. అదొక్కదానికోసం కారు ఆపడానికి పోలీసుకి వీల్లేదు. వేరే తప్పేదైనా చేస్తేనే ఆపాలి. నేను స్పీడ్ లిమిట్ దాటను."

చదివారట! వీసా కాగితాల్లో చుక్క కూడా వదలకుండా చదివే మనిషి, చట్టంలో సందు ఎక్కడుందో కూడా చూసి పెట్టుకున్నారు. కాలిఫోర్నియా పోలీసంటే ఆయనకి భయం లేదు. ఆయనకున్న భయం ఒక్కటే, అది మూడో అంతస్తు బాల్కనీలో స్వెటర్ వేసుకుని కూర్చునుంది.

"సరే. పోలీసు ఆపకపోతే నేను ఆపుతాను" అన్నాను.

ఆ సాయంత్రం అందరం భోజనాలకి కూర్చున్నాం. పాప ముందే తినేసి బెడ్‌రూములో బొమ్మలేసుకుంటోంది. సింకు కింద నుంచి యాష్‌ట్రే తీసి పెరుగు గిన్నె పక్కన పెట్టాను.

"మామయ్యగారూ, ఇది మీ అబ్బాయిది. మీరొచ్చాక బాల్కనీ మానేసి కారులో కాలుస్తున్నారు. పాపని వెనక కూర్చోబెట్టుకుని. అంతా మీ మీద గౌరవం."

"అయ్యో అయ్యో, అన్నం దగ్గర ఏం మాటలే ఇవి! మగాడన్నాక సవాలక్ష ఉంటాయి. ఇంటి గుట్టు ఇలా బయటపెడతారా?" అని అత్తయ్య లేచారు. మా ఆయన యాష్‌ట్రేని పెరుగు గిన్నె వెనక్కి జరిపారు.

మామయ్యగారు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపారు. "వాడు కాలుస్తాడని నాకు తెలుసమ్మా. ఇంటర్ చదివేటప్పటి నుంచీ తెలుసు. తెలిసినట్టు బయటపడితే వాడికి సిగ్గుపోతుందని ఊరుకున్నా. కారు సంగతి మాత్రం తెలీదు."

"మీ మర్యాదలు మీరిద్దరూ బాగానే కాపాడుకున్నారు. ఆ పొగంతా నా పిల్ల పీల్చింది" అన్నాను. "దాచినదాంట్లో నేనూ ఉన్నాను. ఈ యాష్‌ట్రే నా చేత్తోనే తోమి దాచాను. ఇక దాచను."

మామగారితో అలా మాట్లాడటం అదే మొదలు. ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని లేచారు. ఆవిడ ఫోను అందుకున్నారు. ఆ ఫోను ఇంకా పెట్టలేదనుకోండి.

మర్నాడు నేను రైలు మానేశాను. పాపని కార్‌సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెడుతుంటే మామయ్యగారు మంకీ క్యాప్, బూట్లతో కిందకి దిగొచ్చారు. మా ఆయన గబగబా ముందు తలుపు తీశారు.

"కండక్టరు వెనకే కూర్చుంటాడు" అంటూ మామయ్యగారు పాప పక్కకి వెళ్ళి కూర్చున్నారు. తర్వాత ముందుకి వంగి, "ఒరేయ్, మానగలిగితే మాను. లేదంటే బాల్కనీలో నా కుర్చీ ఉంది, నా ఎదురుగా కూర్చుని కాల్చుకో. దీని ముందు కాదు" అన్నారు. కొడుకు తలూపారు. "రైట్, రైట్!" అని మామయ్యగారు సీటు మీద చరిచారు.

కారు కదలబోతోంది. నేనింకా వెనక తలుపు వెయ్యలేదు. పాప తాతవైపు తిరిగింది.

"తాతా, నీకు తెలిసిపోయిందా?"

"తెలిసిపోయిందమ్మా."

"ఇంక సీక్రెట్ లేదా?"

"లేదు."

"అయితే ఇంక నీ ముందు దగ్గొచ్చా?"

మా ఆయన ఇంజన్ ఆపేశారు. పరువు గురించి నాతో మాట్లాడదల్చుకున్నవాళ్ళు ఎవరైనా సరే, ముందు ఆ పిల్లకి జవాబు చెప్పి రండి.