చప్పుడు చేయని కుండ

నా నోరు మంచిది కాదని జొంజు ఊళ్లో మా వీధివాళ్లందరికీ తెలుసు. కాగితం పని నేర్పడం మాత్రం నాకు బాగా వచ్చు. మల్బరీ నార కాగితాన్ని సన్నగా కోసి, వేళ్ల మధ్య పురిపెట్టి, ఆ పురితో బుట్టలూ గిన్నెలూ అల్లుతాం. పరాయి దేశాల నుంచి వచ్చి ఇక్కడ కాపురముంటున్న ఆడవాళ్లకి మంగళవారాలు నేర్పమని ఊరి ఆఫీసువాళ్లు నా ప్రాణం తీశారు. వాళ్లలో చాలామంది ఒక విసనకర్ర చేసుకుని, ఫొటో దిగి, చక్కాపోతారు. సరన్ పోలేదు.

సరన్‌ది మంగోలియా. భర్త ఇక్కడ వెల్డింగ్ పని చేస్తాడు. పసిబిడ్డను చూసుకోవడానికని అత్తగారు దుల్మా కూడా వచ్చింది. అందరూ కలిసి ఒక పాత ఇంటి వాకిటి గదిలో అద్దెకున్నారు.

ఒకరోజు సరన్ నా అలమరలో ఉన్న మూత కుండను చూపించి, "టీచరుగారూ, ఇది దేనికండీ?" అనడిగింది.

"మా అమ్మమ్మది. పెళ్లయి పల్లకిలో అత్తారింటికి పోతూ కాళ్ల దగ్గర పెట్టుకుంది. దారిలో ఒంటికొస్తే ఏం చేస్తుంది పాపం? ముందూ బోయీలే, వెనకా బోయీలే. ఇత్తడిదైతే టింగుమని ఊరంతా వినపడదూ! ఇది కాగితం అల్లిక, లోపలా బయటా లక్క పూత. చుక్క కారదు, చప్పుడు రాదు."

మిగతావాళ్లు పగలబడి నవ్వారు. సరన్ నవ్వలేదు. "నాకిది నేర్పుతారా?" అంది.

"నీకేం పోయేకాలమే! నేర్చుకుని నేర్చుకుని ఉచ్చకుండ నేర్చుకుంటావా? బజార్లో ప్లాస్టిక్‌ది దొరుకుతుంది, కొనుక్కో పో!"

"ప్లాస్టిక్‌ది కూడా చప్పుడవుతుందండీ," అంది తల వంచుకుని.

అప్పుడు చెప్పింది. వాళ్ల మరుగుదొడ్డి వాకిలికి ఆ చివర ఉంది. చలికాలం రాళ్లమీద మంచు గడ్డకడుతుంది. దుల్మాకి తుంటి నొప్పి, నడవలేదు. గదిలో స్టీలు గిన్నె పెట్టారు కానీ మధ్యలో కట్టిన తెరకి అటుపక్క చెట్టంత కొడుకు పడుకుంటాడు. ఒక్కసారి వాడి, ఆ చప్పుడుకి సిగ్గుతో చచ్చిపోయి, మళ్లీ ముట్టలేదట. దాంతో అసలు తాగడమే మానేసింది.

"మావాళ్లు పొద్దస్తమానం ఉప్పేసిన పాల టీ తాగుతూనే ఉంటారండీ. మా అత్తయ్య ఇప్పుడు పెదాలు తడుపుకుని గిన్నె పక్కన పెట్టేస్తుంది. ఇలాగైతే కిడ్నీలు పాడైపోతాయన్నాడు డాక్టరు. ఎప్పుడడిగినా దాహం లేదంటుంది."

నాకు ఒళ్లు మండింది. ఎవరిమీదో నాకే తెలియలేదు. "నిలబడి ఏడుస్తావేం? చేతులు కడుక్కుని రా," అన్నాను.

ఆ చలికాలమంతా అల్లించాను. పురి వదులైన చోటల్లా విప్పించాను. ఆ లక్క చెట్టుపాలు, ఒంటికి పడక సరన్ మొహం గుమ్మడికాయలా వాచింది. మొహానికి గుడ్డ చుట్టుకుని మరీ వచ్చింది మొండిది. చివరికి కుండలో నీళ్లు పోసి చూశాం. ఎక్కడా కారలేదు.

కొత్త సంవత్సరం పండక్కి దాన్ని అత్తగారికిచ్చింది. తర్వాతి మంగళవారం ఏడుపు మొహంతో వచ్చింది.

"ఏమే, కారిందా?"

"లేదండీ. ఎంత బాగుందో అని తలకి ఆనించుకుంది. దేవుడి పటం ముందు పెట్టి, ఎండబెట్టిన పెరుగు బిళ్లలు పోసింది. వచ్చినవాళ్లందరికీ అందులోంచే పెడుతోంది."

నవ్వాపుకోలేకపోయాను. "చెప్పి చావొచ్చు కదే!"

"మా వాళ్లలో కోడలు అత్తగారి ముందు అలాంటి మాట ఎత్తదండీ. మా ఆయన్ని చెప్పమంటే చచ్చినా చెప్పనన్నాడు. ఆవిడ ఇంకా ఏమీ తాగడం లేదు. పెదాలు పగిలిపోయాయి."

ఇక నేనే బయల్దేరాను. దుల్మా నన్ను కూర్చోబెట్టి, ఆ కుండలోంచే ఒక పెరుగు బిళ్ల తీసి చేతిలో పెట్టింది. ఆవిడ మాట నాకు రాదు, నా మాట ఆవిడకి రాదు. శాలువా ముసుగేసుకుని కొత్త పెళ్లికూతురినయ్యాను. బోయీలు మోస్తున్నట్టు ఊగాను. పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగాను. స్టీలు గిన్నెలోకి నీళ్లు ధారగా పోసి, టింగుమనగానే సిగ్గుతో మొహం దాచుకున్నాను. తర్వాత కుండను దగ్గరికి లాక్కుని, దాన్నీ నన్నూ చూపించి, వేలు పెదాల మీద పెట్టుకున్నాను.

దుల్మా కుండలోని బిళ్లల్ని చూసింది. నా చేతిలో బిళ్లని చూసింది. ఇద్దరు ముసలమ్మలం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం.

నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంటూ కోడలి వైపు తిరిగింది. కుండ చూపించి ఏదో అడిగింది. సరన్ తల వంచుకునే అవునన్నట్టు ఊపింది. లక్క మచ్చలు ఇంకా పోని ఆ పిల్ల చెంపల్ని ఆవిడ రెండు చేతులతో పట్టుకుని, దగ్గరికి తీసుకుని, ముద్దు పెట్టుకున్నట్టే నుదురు వాసన చూసింది. నాకూ ఏడుపొచ్చింది, ఎందుకు దాచాలి?

తర్వాత బిళ్లలన్నీ పళ్లెంలోకి వంపేసి, కుంటుకుంటూ వెళ్లి కుండను తెర వెనక తన పక్క దగ్గర పెట్టుకుని వచ్చింది. సరన్ టీ పోసింది. దుల్మా గటగటా తాగేసి, మళ్లీ పొయ్యమని గిన్నె చాపింది.