ఓవర్‌టోన్ ట్రేలో బూడిద

నా నోరు మంచిది కాదని మా వీధి వీధంతా చెబుతుంది. బస్సు కండక్టరు దగ్గర్నుంచి మా చర్చి ఫాదరుగారి దాకా ఎవరికైనా ఎదురు సమాధానం చెప్పినదాన్నే. అలాంటి నోరు తెరవాల్సిన రోజున తెరుచుకోలేదు. ఆ రోజు విభూది బుధవారం, మా క్రైస్తవులకు నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే రోజు.

అప్పట్లో నేను అరకు దాటాక రోడ్డు పక్కనున్న చిన్న యూనిట్‌లో పనిచేసేదాన్ని. దుమ్ము తక్కువ, చల్లదనం ఎక్కువ అని పాత మిషన్ హాస్టలు భవనాన్ని అద్దెకు తీసుకుని, అందులో వైర్‌లెస్ సెట్లకు క్వార్ట్జ్ క్రిస్టల్స్ తయారుచేసేవారు. క్వార్ట్జ్ అంటే మన పలుగురాయే. "కొండ నిండా పలుగురాళ్లుంటే డబ్బులెట్టి తెచ్చుకుంతారేటే, మీ వోళ్లకి మతి పోనాదా?" అని మా అమ్మ నవ్వేది. కొండరాయిలో మలినాలుంటాయి, పగుళ్లుంటాయి, పనికిరాదు. యంత్రంలో పెంచిన కడ్డీలు మాకు వచ్చేవి. వాటిని లెక్క ప్రకారం ఏటవాలుగా కోసి, గరుకు పొడితో అరగదీసి, గుండ్రటి బిళ్ళలు చేస్తారు. రెండు వైపులా పలచగా వెండి పూస్తే, కరెంటు తగలగానే ఆ బిళ్ళ కంపిస్తుంది.

బిళ్ళ ఎంత పలచనైతే కంపనం అంత వేగం. ఓ మోస్తరు వేగం వరకూ ఫండమెంటల్ బిళ్ళ, అంటే తన మొదటి సహజ వేగంలోనే ఊగేది, చాలు. అంతకు మించి కావాలంటే ఉల్లిపొర కన్నా పలచగా అరగదీయాలి, అప్పుడది ముట్టుకుంటే విరుగుతుంది. అందుకని బిళ్ళను కాస్త మందంగానే ఉంచి మూడో ఓవర్‌టోన్‌లో పలికిస్తారు. అదే బిళ్ళ మూడు పొరలున్నట్టుగా ఊగి దాదాపు మూడు రెట్ల వేగం ఇస్తుంది. కానీ దానికి రెండు ముఖాలూ సమాంతరంగా ఉండాలి, అద్దంలా మెరవాలి. ఫండమెంటల్ బిళ్ళలు కొంత సర్దుకుపోతాయి. ఓవర్‌టోన్ బిళ్ళలకు మగపెళ్లివారంత పట్టింపు! వెండి కింద నలుసుందో, మూగబోతాయి. లేదా ఓవర్‌టోన్ వదిలేసి ఫండమెంటల్‌లోకి జారుకుంటాయి.

అందుకే పూత గదిలోకి పౌడరు, పసుపు, పువ్వులు ఏవీ రాకూడదు. ఓవర్‌టోన్ బల్ల దగ్గర ఇద్దరమే. ఒకరు నేను. రెండోది శృంగవరపుకోట వైపు నుంచి వచ్చే అక్క. సన్నటి పట్టకారుతో బిళ్ళను అంచున మాత్రమే పట్టుకోవడం, ఊపిరి పక్కకు వదలడం, అన్నీ ఆవిడే నాకు నేర్పింది. ముఖానికి పౌడరు రాసుకొచ్చి ఆవిడ అంతకుముందు రెండుసార్లు సూపర్‌వైజరుతో తిట్లు తింది. ఆ ఉద్యోగం లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు పాపం.

ఆ పొద్దున చర్చిలో పూజకు వెళ్లాను. ఫాదరుగారు నుదుటి మీద బూడిదతో సిలువ గుర్తు వేశారు. "తుడిసెయ్యకే గుంటా, సాయంత్రం దాకా ఉండాల," అంది అమ్మ. తుడవకుండానే టోపీ కిందికి లాక్కుని పూత గదిలోకి వెళ్లిపోయాను. దేవుడి గుర్తు దుమ్మెలా అవుతుంది అనుకున్నాను, మూర్ఖురాలిని. వెండి పూతకు ట్రేలో బిళ్ళలు పేరుస్తుంటే చెమటకు నుదురు దురద పెట్టింది. మణికట్టుతో టోపీ పైకి తోసి రుద్దుకున్నాను. రెండుసార్లో, మూడుసార్లో.

మధ్యాహ్నానికి ట్రే పరీక్ష గదికి వెళ్లింది. సగానికి పైగా బిళ్ళలు పలకలేదు. సూపర్‌వైజరు మైక్రోస్కోపులో చూశాడు. వెండి కింద బూడిద రంగు నలుసులు.

"ఎవరు రాసుకొచ్చారు పౌడరు?" అని అరిచాడు. అతని చూపు తిన్నగా అక్క మీదికి పోయింది. "మళ్ళీ నువ్వేనా?"

"దేవుడి మీద ఒట్టు సార్, నానేటీ రాసుకోనేదు."

"రేపట్నుంచి రావక్కర్లేదు."

చెప్పు, చెప్పవే అని లోపల ఎవరో పొడుస్తూనే ఉన్నారు. నా కాళ్లు మాత్రం నన్ను బాత్రూముకి లాక్కుపోయాయి. టోపీ తీసి అద్దంలో చూసుకున్నాను. సిలువ నిలువు గీత ఉంది. అడ్డగీతలో సగం లేదు. ఆ సగం ఎక్కడికి పోయిందో నాకు తెలుసు.

తలుపు తోసుకుని అక్క వచ్చింది. ఏడ్చి కళ్లు వాచాయి. "పొద్దుట్నించీ నా పక్కనే ఉన్నావు గదే, నాను పౌడరు రాసుకున్నానేటి? సారుకో మాట సెప్పవే."

"నేను చూడలేదక్కా," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. ఛీ! అప్పుడే ఆవిడ నా నుదుటి వైపు చూసింది. చాలాసేపు చూసింది. అరుస్తుందనుకున్నాను, జుట్టు పట్టుకుని ఈడ్చుకెళుతుందనుకున్నాను. అలా చేసినా బాగుండేది. ఆవిడ కుళాయి తిప్పి పక్కకు జరిగింది.

"బేగి కడుక్కోయే గుంటా. సారు సూత్తాడు," అని బయటికి వెళ్లిపోయింది.

నేను కడుక్కున్నాను. సబ్బు పెట్టి, చర్మం మండేదాకా రుద్దుకున్నాను. బూడిదేదని ఇంటి దగ్గర అమ్మ అడిగితే చెమటకు పోయిందన్నాను. ఆ రాత్రి అన్నం సహించలేదు. పొద్దున్నే వెళ్లి సారుకు చెప్పేయాలని వంద సార్లు అనుకున్నాను.

మర్నాడు బల్ల దగ్గర నేనొక్కదాన్నే. ఓవర్‌టోన్ ట్రే పేర్చాను. పరీక్షకు వెళ్లిన బిళ్ళల్లో ఒక్కటి కూడా మూగబోలేదు, ఒక్కటి కూడా ఫండమెంటల్‌లోకి జారలేదు. సూపర్‌వైజరు ట్రే ఎత్తి అందరికీ చూపించాడు.

"చూశావా? ఆవిడ వెళ్లగానే ఎంత శుభ్రంగా వచ్చాయో!" అన్నాడు నాతో.

"అవును సార్," అన్నాను.